మిరపగొడుగు మీద గొయ్యి

"గడ్డపార కింద పెట్టవయ్యా!"

మోకాలి లోతు గోతిలో ఉన్న ఏసుబాబు తలెత్తాడు. అరిచిన మనిషి సమాధుల తోట గేటు దగ్గర వంగి కాసేపు ఏదో చూసింది. తర్వాత చెప్పులు విప్పి చేత పట్టుకుని, మట్టిదారిలో కాలు పెట్టకుండా దాని అంచు వెంబడే వచ్చింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. భుజాన గుడ్డసంచి, మొహాన చిరాకు. డిటెక్టివ్ సుబ్బరావమ్మ. చీరాలలో బట్టల కొట్టు పైన ఆమె ఆఫీసు. బోర్డు తుప్పు పట్టింది గానీ బుర్ర పట్టలేదు.

"నాలుగింటికి ఆస్పత్రి నుంచి శవం వస్తదమ్మా. పెద్దలు తొందరపెడతన్నారు" అన్నాడు ఏసుబాబు.

"చచ్చినవాళ్ళకి తొందరేం ఉండదు. తొందరంతా బతికున్నోళ్ళకే. పైకి రా. ఇంకొక్క పార మట్టి కూడా తియ్యొద్దు."

ఆ గొయ్యి హెలెన్ కోసం. ఈ మేడివారిపాలెంలోనే పుట్టి చీరాల కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్ అయిన పిల్ల. పోయిన వారం ఆమే సుబ్బరావమ్మ ఆఫీసు మెట్లెక్కి, "మా ఊళ్ళో ఒకదాన్ని చంపుతున్నారండీ, ఎవరో పట్టుకోవాలి" అంది. ఎవర్నమ్మా అంటే ఫోన్లో ఫొటో చూపించింది. గడ్డిలో రాలిన మిరపపండులా ఎర్రగా నిగనిగలాడే పుట్టగొడుగు. బొటనవేలి గోరంత ఉంటుంది. ఊళ్ళో దాన్ని మిరపగొడుగు అంటారు. నాగలి దిగని నేల కావాలి దానికి. ఎరువు సోకని నేల, మేకలు కొరికి పొట్టిగా ఉంచిన పాత గడ్డి కావాలి. చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరప. చేలకి బస్తాలతో ఎరువు, డబ్బాలతో పురుగుమందు. దున్నకుండా మిగిలింది సమాధుల పక్కనున్న ఈ గడ్డి నేల ఒక్కటే. చచ్చినవాళ్ళు అడ్డంగా పడుకోబట్టి బతికిపోయిన జీవి అది. దాన్ని కాపాడమని హెలెన్ పెట్టిన అర్జీ కదిలింది, సోమవారం అధికారులు చూడ్డానికి వస్తున్నారు. ఈలోగా ఎవరో దొంగచాటుగా ఎరువు చల్లుతున్నారు. ఎవరో తేల్చాలి. శనివారం వస్తానంది సుబ్బరావమ్మ. శనివారం వచ్చింది. హెలెన్ గురువారమే పోయింది.

"ఆంటీ! సమాధి ఆపడం పాపం కాదూ?"

నల్ల కళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. గుంటూరు డిటెక్టివ్ చైతన్యకృష్ణ. పట్టుకున్న కేసుల కన్నా యూట్యూబులో పెట్టిన వీడియోలు ఎక్కువ. గోడ అవతల మిరపకాయల కోల్డ్ స్టోరేజీ కట్టిన బుల్లయ్య తెచ్చుకున్నాడు ఇతన్ని, పోలీసులకి సాయం అనే పేరుతో. లారీలు తిప్పుకోడానికి బుల్లయ్యకి ఈ గడ్డి నేల కావాలి. ఆ సంగతి ఊళ్ళో ఎవర్ని కదిపినా చెబుతారు.

"ఆంటీ ఏందబ్బాయ్? నేను మీ పిన్నినని మీ అమ్మ ఏమన్నా చెప్పిందా?"

పక్కనున్న ఎస్సై రంజాన్ నవ్వు ఆపుకున్నాడు. కుర్ర ఎస్సై. చెడ్డవాడు కాదు, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ మాట వినే రకం. ఆ రకం చెడ్డవాళ్ళకన్నా ప్రమాదం.

"కేసు తేలిపోయింది మేడమ్, పొద్దున ఫోన్లో చెప్పానుగా" అన్నాడు రంజాన్. "ఈ తోట చూసుకునే ఎలీసమ్మకి మేకలున్నాయి. గడ్డిలోకి మేకలు రాకూడదని హెలెన్ గారు పట్టుబట్టారు. దాంతో ఎలీసమ్మ కక్ష కట్టి, ఈ విషపు గొడుగులే కూర వండి పెట్టింది. గురువారం సాయంత్రం గేటు దగ్గర శవం దొరికింది. నోట్లో గొడుగు ముక్కలున్నాయి. సంఘం కమిటీ పెద్దలంతా మూడింటి నుంచి చర్చిలో ప్రార్థనలో ఉన్నారు, ఊరంతా చూసింది."

"అంతా తనే కనిపెట్టానని ఇతను చెప్పాడా?"

"చెప్పడమేంటి, వీడియో కూడా రెడీ" అన్నాడు చైతన్యకృష్ణ. "టైటిల్ వినండి. ప్రాణం తీసిన ఎర్ర గొడుగు."

సుబ్బరావమ్మ అతనికి వీపు తిప్పింది. ఆ పిల్ల ఇంకా మట్టిలోకి కూడా దిగలేదు.

"ఎలీసమ్మతో మాట్లాడాలి" అంది.

"జీపులోనే ఉంది, అయిదింటికి కోర్టుకు తీసుకెళ్ళాలి. ఈలోపు మాట్లాడుకోండి."

జీపులో వెనక సీట్లో ముడుచుకుని కూర్చుంది ఎలీసమ్మ. ఎండి కట్టెపుల్లలా ఉంది, కళ్ళు మాత్రం నిప్పులు. సుబ్బరావమ్మ జీపు తలుపు బార్లా తీసి, రంజాన్‌ని పక్కనే నిలబెట్టి అడిగింది.

"హెలెన్‌కి నువ్వు పుట్టగొడుగుల కూర పెట్టావా?"

"పెట్టలా."

"ఎందుకు పెట్టలేదు?"

ఆ ప్రశ్నకి ఎలీసమ్మ బిత్తరపోయింది. తర్వాత గయ్యిమంది. "ఎందుకు పెట్టలేదంటావేందమ్మా? సమాధుల తోటలో మొలిచింది ఎవరన్నా తింటారా? అదిగో, ఆ మూల నా మొగుడు పడుకునుండాడు. ఈ మూల మా అత్త. వాళ్ళ మీద మొలిచిందాన్ని ఉప్పూ కారం వేసుకుని తినమంటావా? తూ! ఈ తోటలో చింతకాయ రాలినా ఎవరూ ఏరుకోరు. పిచ్చిది కూడా తినదు. ఆ పిల్ల తినుద్దా?"

"విన్నారా?" అంది సుబ్బరావమ్మ ఎస్సై వైపు తిరిగి. "ఇది ఈ ఊళ్ళో ఏ ఇంటికి వెళ్ళి అడిగినా చెప్పేవాళ్ళు. అడిగారా?"

రంజాన్ టోపీ సర్దుకున్నాడు.

"మరి మేకలు? హెలెన్ మేకల్ని రానివ్వలేదని నీకు కోపమటగా?"

"ఎవడా కూసింది? మేకల్ని తోలకపోతే నా మీద కేకలేసేది ఆ పిల్ల! గడ్డి పెరిగితే గొడుగు రాదంట. ఆదివారం నాకు కాలు నొప్పని పడుకుంటే, తనే దొడ్డి తీసి తోలుకొచ్చింది. లెక్చరరమ్మ మేకలు కాయటమేందని ఊరంతా నవ్వింది. 'అత్తా, ఈ మేకలే నాకు పనోళ్ళు' అనేది ఆ పిల్ల."

సుబ్బరావమ్మ వంగి కాళ్ళ దగ్గర గడ్డి చూపించింది. కత్తెర వేసినట్టు పొట్టిగా ఉంది. అక్కడక్కడా నల్లటి మేక పెంటికలు. "ఎస్సై గారూ, రానివ్వని మేకలు ఇక్కడికొచ్చి ఏం చేసి వెళ్ళాయో చూడండి. చేత్తో ముట్టుకుని మరీ చూడొచ్చు, రెండు మూడు రోజులవే."

"గురువారం సంగతి చెప్పు" అంది ఎలీసమ్మతో.

"అన్నం తిని నేను పత్తితీతకు పోయా. ఆ పిల్ల ఇక్కడే గడ్డిలో కూసోనుంది. కమిటీ పెద్దలు మాట్లాడ్డానికి వస్తన్నారత్తా, రాజీ అయ్యేట్టుంది అంది. నవ్వుతా అంది." ఎలీసమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ కోపమే ముందుకొచ్చింది. "పొద్దుగూకి వచ్చా. గేటుకి బయట గడియ వేసుంది. తీశా. తీస్తే తలుపుతో పాటు ఆ పిల్ల నా కాళ్ళ మీదకి ఒరిగింది."

"గడియ బయటినుంచా?"

"బయటినుంచే. చెప్పా వీళ్ళకి. మేకలు రాకుండా ఎవరో వేసుంటార్లే అన్నాడు ఆ అద్దాల బాబు."

సుబ్బరావమ్మ రంజాన్ చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆకుపచ్చ రంగు వేసిన రేకు గేటు. లోపలి వైపు, నేలకి జానెడు ఎత్తున, రంగు లేచిపోయి గీతలు. గోళ్ళ గీతలు.

"పాకుతూ వచ్చింది. నిలబడే ఓపిక లేదు. ఇక్కడ పడి గీకింది. చర్చి ఎంత దూరం?"

"ఈ గేటు పక్క గోడ అవతలే" అన్నాడు రంజాన్ నెమ్మదిగా.

"మైకు పెట్టుకుని పాడుతున్నారు. ఈ పిల్ల ఇక్కడ రేకు గీకుతోంది. బయట గడియ. మీరు దీన్ని కూర కేసు చేశారు."

రంజాన్ వంగి ఆ గీతలు చూశాడు. చైతన్యకృష్ణ వెనక నుంచే అందుకున్నాడు. "సరే, పాకింది. విషపు గొడుగు తిన్నా పాకుతారుగా?"

"ఎక్కణ్ణుంచి పాకిందో చూద్దాం రా."

మట్టిదారి నల్లరేగడి. బుధవారం వానకి మెత్తబడి, రెండ్రోజుల ఎండకి రాయయింది. సుబ్బరావమ్మ అంచు వెంబడి వచ్చింది అందుకే. దారి మధ్యలో అరచేతుల గుర్తులు, మోకాళ్ళ గుంటలు. ఒకచోట అయిదు వేళ్ళూ విడివిడిగా దిగబడ్డాయి. వాటి వెంట వెనక్కి నడిచారు ముగ్గురూ. గుర్తులు గడ్డిలోకి మళ్ళాయి, గడ్డి దాటాయి, తిన్నగా వచ్చి ఏసుబాబు తవ్విన గోతి దగ్గర ఆగాయి.

ఏసుబాబు పక్కకి జరిగాడు.

సుబ్బరావమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, గోతిలోంచి తీసిపోసిన మట్టి కుప్ప అంచుని చేత్తో కొంచెం కొంచెం జరిపింది. కింద గడ్డికి అంటుకుని తెల్లగా ఎండిన కక్కు. విరిగిన మజ్జిగ తెట్టు. పుల్లటి కంపు, దాని అడుగున ఇంకో కంపు. మిరపచేలో మందు కొట్టిన రోజు ఊరంతా ముక్కు మూసుకునే కంపు అది. ఆ కక్కు నిండా చీమలు. కదలని చీమలు. తినడానికి వచ్చినవి వచ్చినట్టే, వరసలోనే చచ్చి ఎండిపోయాయి. వాటిని తినబోయిన బల్లి ఒకటి పక్కనే కడుపు తెల్లగా తిప్పుకుని పడుంది.

"పుట్టగొడుగు విషం చీమల్ని చంపదబ్బాయ్. పురుగుల్ని చంపడానికి మనుషులు చేసుకున్న మందు చంపుతుంది. మజ్జిగలో కలిపి ఇచ్చారు. ఆ ఎర్రటి ముక్కలు తర్వాత నోట్లో కుక్కినవి. కక్కులో ఎక్కడైనా ఎరుపుందా? చూసి చెప్పు, దగ్గరికి రా, అద్దాలు తీసి చూడు."

చైతన్యకృష్ణ రాలేదు. చేతిరుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "పక్క చేలో మందు కొట్టారేమో. గాలికి వచ్చి పడుంటుంది."

"గాలి వచ్చి ఈ కక్కు మీదే కూర్చుందా?" ఆమె మూర దూరంలో గడ్డి పక్కకి తీసింది. అక్కడ చీమలు గింజలు మోసుకుంటూ బారుగా పోతున్నాయి, ఒక్కటి కూడా చావలేదు. "ఈ చీమలకి ముక్కుల్లేవా? ఇవి ఊపిరి బిగబట్టుకున్నాయా?"

రంజాన్ ఫోను తీసి అన్నీ ఫొటోలు తీశాడు. చెప్పకుండానే పని చెయ్యడం అతనికి ఈ పూట ఇదే మొదలు.

"ఎస్సై గారూ, ఒక్క మాటకి జవాబు చెప్పండి" అంది సుబ్బరావమ్మ. "ఈ పిల్ల ఇక్కడ కక్కుకుందని మీకు తెలుసా?"

"తెలీదు. గేటు దగ్గరే చనిపోయిందనుకున్నాం."

"ఊళ్ళో ఎవరికన్నా?"

"లేదు. ఎవరూ చెప్పలేదు."

"ఇంత తోట ఉంది. వాళ్ళ అమ్మా నాన్నల సమాధులు ఆ చివరున్నాయి, పక్కన ఖాళీ కూడా ఉంది. మరి ఈ గొయ్యి సరిగ్గా ఇక్కడికే ఎట్టా వచ్చింది?"

సుబ్బరావమ్మ ఏసుబాబు వైపు తిరిగింది.

"ఎవరు చెప్పారయ్యా ఇక్కడ తవ్వమని?"

"కమిటీ పెద్దలమ్మా. అయిదుగురూ వచ్చి నిలబడ్డారు. కర్ర పాతి చూపించారు. పాపకి ఈ గొడుగులంటే ప్రాణం, వాటి మధ్యనే పడుకోనీ అన్నారు. మిగిలిన గొడుగులన్నీ ఇక్కడే ఉండాయి, నా పార కిందే తెగిపోయినయి. నాకు మనసొప్పలా. అయినా తవ్వా."

మట్టి కుప్పలో అక్కడక్కడా ఎర్రటి తునకలు. ఎరువు చల్లని చివరి ముక్కలో మిగిలిన మిరపగొడుగులవి. గొయ్యి ఒక్కటే, అందులో మూడు పనులు. సాక్ష్యం పోతుంది, గొడుగు పోతుంది, అడిగిన పిల్ల అడుగున పోతుంది. పైనుంచి ప్రార్థన. సుబ్బరావమ్మ పక్కకి తిరిగి ఉమ్మింది. ఎన్నో చావులు చూసింది గానీ ఇంత శుభ్రమైన చెత్త చూడలేదు.

"పెద్దలకేం లాభం?" అన్నాడు రంజాన్.

జీపులోంచి ఎలీసమ్మ అరిచింది. "కొత్త చర్చి కట్టిస్తానన్నాడుగా బుల్లయ్య, ఈ గడ్డి ఇస్తే! గుమ్మం కాడ పాలరాయి మీద అయిదుగురి పేర్లంట. రాయి చెక్కించటం కూడా అయిపోయింది. ఆ పిల్ల అర్జీ పెట్టి అడ్డంపడింది!"

"అబ్బా, పాలరాయి కోసం హత్య!" చైతన్యకృష్ణ చప్పట్లు కొట్టాడు. "సుబ్బరావమ్మ గారూ, అయిదుగురు పెద్దమనుషులు. ఒకరు హెలెన్‌కి సొంత మేనమామ. రేపు వాళ్ళంతా కోర్టులో నిలబడి, ఆ చోటు ఎవరు చూపించారో గుర్తులేదండీ అంటారు. ఏం చేస్తారు? చీమల్ని బోనెక్కిస్తారా?"

కుర్రాడు వెధవే గానీ ఆ మాట నిజం. అయిదుగురు కలిసి చెప్పింది ఎవరూ చెప్పనట్టే. ఒక్కణ్ణి విడదియ్యాలి.

సుబ్బరావమ్మ లేచి గడ్డి నేలంతా కలియతిరిగింది. కోల్డ్ స్టోరేజీ గోడ నుంచి అవతలి కాలవ వైపు గడ్డిలో పట్టీలు పట్టీలుగా ముదురాకుపచ్చ. యూరియా తాగిన పచ్చదనం అది. ఎరువు చల్లిన చేలల్లో పెరిగిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. పట్టీల పక్కనే, గడ్డి పలచబడ్డ చోట, అడుగుల వరస.

"ఇటు రండి ఎస్సై గారూ. బేసిన్ చంకన పెట్టుకుని నడుస్తా చల్లాడు. ఈ అడుగులు చూడండి, మడమ గోడవైపు, వేళ్ళు కాలవవైపు. అంటే అటునుంచి ఇటు నడిచాడు. పచ్చబడింది ఏ పక్క?"

"ఎడం పక్క."

"ప్రతి వరసా చూడండి. అన్నిట్లోనూ ఎడం పక్కే. కుడిచేత్తో చల్లే మనిషికి కుడిపక్క పడుద్ది. వీడు పుర్రచెయ్యి."

రంజాన్ కళ్ళు మెరిశాయి. "అయితే ఎడంచేతివాటం ఎవరిదో కనుక్కుంటే సరి!"

"ఏసుబాబూ, మీ పెద్దల్లో పుర్రచెయ్యి ఎవరిది?"

ఏసుబాబు నేల చూశాడు. "నాకు తెలవదమ్మా. నేను ఈ ఊళ్ళోనే బతకాల."

"ఎలీసమ్మని అడిగితే చెబుద్ది. కానీ ముద్దాయి మాట మీరు రాసుకోరు. వాళ్ళని అడిగితే కుడిచెయ్యే చూపిస్తారు. ఎడంచేత్తో ముద్ద తింటే చిన్నప్పుడే వీపు పగలగొడతారు మనవాళ్ళు. అన్నం కుడిచేత్తో, కానుక కుడిచేత్తో, దణ్ణం కూడా కుడిచెయ్యి ముందు. ఆలోచించుకునే టైమిస్తే ఏ పుర్రచెయ్యోడికైనా కుడిచెయ్యే లేస్తుంది. టైమివ్వకూడదు. మీరు కళ్ళు తెరుచుకుని ఇక్కడే నిలబడండి."

కమిటీ వచ్చింది. అయిదుగురూ తెల్లబట్టలు, చేతుల్లో బైబిళ్ళు. ముందు నడుస్తున్నవాడు ఇమ్మానుయేలు, సంఘ పెద్ద, హెలెన్ మేనమామ. తల్లి పోయాక ఆ పిల్లని పెంచినవాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. ఆ ఏడుపు అబద్ధం కాదు, అదే ఇంకా అసహ్యం.

"సహోదరీ" అన్నాడు చేతులు జోడించి. "దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడు. మా బిడ్డని ప్రశాంతంగా పంపనివ్వండి. అంబులెన్సు బయల్దేరింది. గొయ్యి పూర్తికానివ్వండి."

"అట్టాగేనండి. ఒక్క అయిదు నిమిషాలు, మొహం కడుక్కుని వస్తా."

అయిదుగురూ బైబిళ్ళు సమాధి అరుగు మీద పెట్టి గోతి చుట్టూ చేరారు. సుబ్బరావమ్మ తోట వెనక్కి నడిచింది. ఎలీసమ్మ గుడిసె, పక్కనే కంపతో కట్టిన మేకల దొడ్డి. రెండ్రోజులుగా బయటికి వదిలేవాళ్ళు లేక మేకలు కంపకి మూతులు రాస్తున్నాయి. ఆమె కంప లాగేసి, వెనకనుంచి ఒక్క అదిలింపు అదిలించింది.

మేకలు మందగా వచ్చి గడ్డి మీద పడ్డాయి. ఒకటి మట్టి కుప్ప ఎక్కింది. ఒక పోతు సమాధి అరుగు మీదికి దూకి బైబిలు అట్ట కొరికింది.

"హేయ్! హేయ్! ఎవడ్రా వదిలింది!"

"కొట్టండ్రా దాన్ని!"

ఈ నేల మీద పుట్టినవాడు ఎవడైనా సరే, మేక చేలో పడితే ఆలోచించడు. వంగుతాడు, చేతికందిన బెడ్డ తీస్తాడు, విసురుతాడు. అయిదుగురు పెద్దలూ వంగారు. మట్టి కుప్పలోంచి అయిదు బెడ్డలు లేచాయి. నాలుగు కుడిచేతుల్లోంచి వచ్చాయి, నాలుగూ ఎక్కడో పడ్డాయి. అయిదోది మాత్రం నడుము తిరిగి, భుజం వెనక్కి పోయి, రివ్వున వచ్చి పోతు కొమ్ముకి తగిలి పొడయింది. అలవాటైన చెయ్యి.

ఎడంచెయ్యి.

"ఎస్సై గారూ?" అంది సుబ్బరావమ్మ దూరం నుంచే.

"చూశాను" అన్నాడు రంజాన్. అతని చూపు ఇమ్మానుయేలు మీద నుంచి కదల్లేదు.

మేకలు బెదిరి దొడ్డివైపు పరిగెత్తాయి. సుబ్బరావమ్మ నడిచి వచ్చి ఇమ్మానుయేలుకి ఎదురుగా నిలబడింది. కట్టె విరిచినట్టు మాట్లాడింది.

"పెద్దాయనా, గడ్డికి యూరియా బాగా చల్లారు. వరసలు చక్కగా వచ్చాయి."

"ఏం... ఏం యూరియా?"

"చోటు కూడా బాగా చూపించారు. ఆ పిల్ల గేటు దగ్గర పోయిందని ఊరంతా అనుకుంటుంటే, కక్కుకున్న చోటు మీకు ఎట్టా తెలిసింది? మజ్జిగ ఇచ్చినవాడు నిలబడి చూసుంటే తెలుస్తుంది. వేరేవాళ్ళ చేతి నీళ్ళు కూడా తాగి ఉండదు ఆ రోజు, గొడవల్లో ఉంది. మావయ్య ఇస్తే తాగింది."

"అపవాదు! నా మేనకోడలు! పాలుతాగే పిల్లప్పటి నుంచీ నా చేతి మీద పెరిగింది!"

"ఏ చేతి మీద?"

ఇమ్మానుయేలు ఎడంచెయ్యి దానంతటదే నడుము వెనక్కి పోయింది. మట్టి అంటిన ఆ వేళ్ళు కనబడకుండా పంచె మడతలో దాచుకున్నాడు. జీపులోంచి ఎలీసమ్మ ఒక్క అరుపు అరిచింది. అందులో మాటల్లేవు.

చైతన్యకృష్ణ నెమ్మదిగా ఫోను జేబులో పెట్టుకున్నాడు. సుబ్బరావమ్మ అతని వైపు తిరిగింది.

"శుక్రవారం పొద్దున్నే నువ్వీ తోటంతా తిరిగావని ఎస్సై చెప్పాడు ఫోన్లో. ఈ చేతుల గుర్తులు, ఈ చీమలు నీ కళ్ళ పడలేదా?"

"పడ్డాయి" అన్నాడు అతను సిగ్గులేకుండా. "నన్ను పిలిచింది అందుకు కాదు."

"పో. నీ మొహం చూస్తుంటే నాకు కక్కొస్తోంది."

అతను పోయాడు. కారు తలుపు మెత్తగా మూసుకున్న చప్పుడు వినిపించింది.

"నడవండి పెద్దాయనా" అని రంజాన్ ఇమ్మానుయేలు భుజం మీద చెయ్యి వేశాడు. ముసలాయన గోతి అంచున కూలబడ్డాడు. గోతిలోకి చూస్తూ మాట్లాడాడు. ఈసారి బైబిలు భాష లేదు.

"బతిమాలా దాన్ని. అర్జీ వెనక్కి తీసుకోమ్మా, నా పేరు రాయి మీద చూసుకుని చస్తానన్నా. మావయ్యా, నీ పేరు కన్నా ఈ గొడుగు పాతదంది. నవ్వింది." తల పైకెత్తాడు. "మజ్జిగ నేనిచ్చా. అది కక్కుకుంటుంటే చూడలేక చర్చిలోకి పారిపోయా. గొడుగులు దాని నోట్లో కుక్కింది నేను కాదు. గేటుకి గడియ వేసింది కూడా నేను కాదు."

"ఇమ్మానుయేలన్నా, నోరు ముయ్యి" అంది వెనకనుంచి ఒక గొంతు.

"నేనెందుకు ముయ్యాలి? నేనొక్కణ్ణే పోవాలా? అది గేటు గీకుతుంటే మీకు వినపడలా? పాట పెద్దది చెయ్యమని మైకు కాడికి వచ్చి చెప్పిందెవరు?"

రంజాన్ జీపు వైపు చూశాడు. డ్రైవర్ టీకి పోయి ఇంకా రాలేదు. జీపులో ఎలీసమ్మ ఒక్కతే ఉంది. ఏసుబాబు గోతికి అవతల బిగుసుకుపోయి నిలబడ్డాడు.

సుబ్బరావమ్మ వెనక్కి తిరిగింది. నలుగురు పెద్దలు దగ్గరికి జరిగి నిలబడ్డారు. తెల్లబట్టలు, మర్యాదస్తుల మొహాలు. ఒక్కరి కళ్ళల్లోనూ భయం లేదు, ఆ చూపులన్నీ ఆమె మీదే. ఒకడు వంగి, నింపాదిగా, ఇంకాస్త పెద్ద బెడ్డ ఏరుకున్నాడు. వాణ్ణి చూసి మిగిలిన ముగ్గురూ వంగారు.

గడ్డి మీద ఒక్క మేక కూడా లేదు.